ఏసీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నా కడుపులో బిడ్డ పొట్ట చుట్టుకొలత గారికి, అనగా స్కాన్ రిపోర్టులో ఏసీ గారికి, తిరుపతి నుంచి ముప్పై నాలుగో వారం గర్భిణి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామనుకున్నాను. మీరు కుశలంగా లేరని నిన్న సాయంత్రమే తెలిసింది.

నిన్న పన్నెండున్నరకు ఇరవై ఏడో టోకెన్ తీసుకుంటే నాలుగు ముప్పావుకు పిలిచారు. కొండమీద సర్వదర్శనం క్యూలో అయితే పాలైనా ఇస్తారు. ఇక్కడ 'లింగ నిర్ధారణ చేయబడదు' అన్న బోర్డును కంఠస్థం చేసుకుని కూర్చున్నాను. గోడ మీద మీ పేరే ఉన్న ఇంకొకాయన ఉన్నాడు గానీ, పనిచేయడం లేదు.

లోపల ఆరు నిమిషాలే. డాక్టరమ్మ తలను, తొడ ఎముకను ఏమీ అనలేదు. మీ దగ్గర ఆగి, మూడుసార్లు కొలిచి, "ఊఁ" అన్నారు. 279 మిల్లీమీటర్లు. కొలతలన్నీ కలిపి కట్టిన లెక్కలో బిడ్డ బరువు 1,950 గ్రాములు. తొమ్మిదో పర్సెంటైల్, అంటే ఇన్ని వారాల బిడ్డలు వందమందిలో ఇంతకంటే తక్కువ బరువుండేది తొమ్మిదిమందేనట. మా ఆయన "వందకి తొమ్మిదేనా?" అన్నాడు, నేనేదో పరీక్ష తప్పినట్టు. మా అత్త అయితే "ఏసీ తక్కువుందా? ఆడ ఏసీ యాడుంది మ్మా, ఉడికిపోతా ఉంటిమే!" అంది. విడమరిచి చెప్పాక కంగారుపడి, బిడ్డకు పటికబెల్లంతో తులాభారం మొక్కేసింది.

ఆ పటికబెల్లం ఎన్ని కిలోలు తేవాలో మీరే చెప్పండి. లెక్క అటూ ఇటూ పదిహేను శాతం మారొచ్చని డాక్టరమ్మే అన్నారు. అంటే లోపలున్నది 1,660 కావచ్చు, 2,240 కావచ్చు. గాంధీ రోడ్డులో బెల్లం అంగడాయన రెండు కిలోలకు 300 గ్రాములు తేడాగా తూస్తే తూనికలు కొలతల వాళ్లు కేసు రాస్తారు. మీరు మాత్రం 1,950 అని బంగారం తూచినట్టు అచ్చేసి ఇచ్చారు. హద్దు పదో పర్సెంటైల్ అట, పదకొండు వచ్చుంటే "బాగుంది, వెళ్లిరామ్మా" అని పంపేవారు. తొమ్మిదికీ పదకొండుకీ మధ్య ఉన్నది రెండు మూడు మిల్లీమీటర్లు. తెర మీద చుక్క కాస్త పక్కన పడినా అంత తేడా వస్తుంది!

రిపోర్టు అడుగున హాడ్‌లాక్ అని ఉంటే రాత్రి పదకొండింటికి వెతికాను. 1991లో అమెరికాలో 392 మంది గర్భిణులను, అందులో ఎక్కువమంది మధ్యతరగతి తెల్లవాళ్లను, చూసి హాడ్‌లాక్ అనే డాక్టరు గీసిన బిడ్డల బరువు గీతట. నేను అయిదడుగులు కూడా లేను. మా అమ్మ నన్ను కన్నప్పుడు నేను రెండున్నర కిలోలు. సంగటి, ఊరిబిండి తినే ఇంటి బిడ్డను ఆ గీత పక్కన నిలబెట్టి పొట్ట సన్నం అంటారా?

అలాగని మిమ్మల్ని పూర్తిగా తిట్టనూ లేను. మాయ (ప్లాసెంటా) నుంచి అందేది తగ్గితే, బిడ్డ ఉన్నదాన్ని ముందు మెదడుకు పంపి కాలేయానికి కోత పెడుతుందట. ఆ కాలేయం ఉండేది మీ చుట్టుకొలతలోనే, అందుకే తలకంటే ముందు మీరే చిక్కిపోతారట. పాపం, మొదట పస్తుండేది మీరే.

డాప్లర్‌లో, అంటే రక్తం పారే తీరు చూసే స్కాన్‌లో, బొడ్డుతాడు రక్తప్రసరణ బాగుంది. ఉమ్మనీరు సరిపడా ఉంది. కదలికలు తగ్గితే అర్ధరాత్రయినా వచ్చేయమని, లేకపోతే రెండు వారాలకు మళ్లీ స్కాన్ అని చెప్పారు. రేపే చేయించుకుంటానంటే వద్దన్నారు. నాలుగు రోజుల్లో బిడ్డ పెరిగేదాని కంటే కొలతలో తప్పే ఎక్కువుంటుందట.

మరి ఆ ముక్క కాగితం మీద వేయడానికి ఏం రోగం? 'క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోండి', అంటే మనిషిని చూసి సరిచూసుకోండి, అని రాయడానికి చోటుంది, 'సుమారు' అన్న ఒక్క మాటకు లేదా? పద్నాలుగు రాత్రులండీ. ఎడమవైపు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టేది నేను. మీరు కాదు, మీ మెషీనూ కాదు.

సరే, వచ్చే గురువారం కాక పై గురువారం వస్తాం. ఈసారి మా ఆయన పొద్దున ఎనిమిదికే పోయి టోకెన్ తీసుకుంటాడు. మీరు కాస్త ఒళ్లు చేసి ఉండండి చాలు. గోడ మీదాయన సంగతి రిసెప్షన్‌లో నేను మాట్లాడతాను.