తెరచాప పందెంలో నీటి లాగుడు కూడా చూడాలి

పనిదినాల్లో సాయంత్రం సరదాగా సాగే తెరచాప పడవల పందేలకు ఫోన్‌లో గాలి అంచనా చూసుకుని బయలుదేరితే చాలునని ఆ పందేల గురించి వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. ఒడిశాలోని గంజాం జిల్లా రంభలో, చిలికా సరస్సు ఒడ్డున పుట్టి పెరిగినవాడిగా ఆ మాటతో నేను ఏకీభవించలేను. ఆ అంచనా విశాలమైన ప్రాంతానికి వర్తించేదే తప్ప, కొండ చాటున గాలి ఎక్కడ తెగుతుందో, ఎక్కడ ఒక్కసారిగా విసురుతుందో చెప్పేది కాదు. మా తీరంలో మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి మొదలయ్యే సముద్రపు గాలి పొద్దు వాలేకొద్దీ దక్షిణానికి తిరిగి, చీకటి పడేసరికి తరచుగా నెమ్మదిస్తుంది. పందెం జరిగేది సరిగ్గా ఆ వేళలోనే.

గాలి పడిపోయినప్పుడు పడవ వేగం తగ్గుతుంది కానీ నీటి ప్రవాహం వెంటనే తగ్గదు. దాన్ని గుర్తించడానికి పరికరమేదీ అక్కరలేదు. వల కట్టడానికి పాతిన కర్ర దగ్గర నీరు ఏ పక్క ఒరుసుకుంటోందో, ఏ పక్కకు సుడి తిరుగుతూ సాగుతోందో చూస్తే దాని దిశా, బలమూ రెండూ తెలిసిపోతాయి. చిలికా దక్షిణ భాగానికి సముద్ర ముఖద్వారం దూరం కావడంతో అక్కడ ఆటుపోట్ల ప్రభావం స్వల్పం, నీటిని నడిపేది ఎక్కువగా గాలే. మా జిల్లాలోనే ఉన్న గోపాలపూర్ ముందు సముద్రంలో మాత్రం తీర ప్రవాహం సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈశాన్యానికీ, నవంబరులో నైరుతికీ సాగుతుంది.

గాలి చచ్చే వేళకు, పందెంలో చుట్టి రావలసిన గుర్తు బోయాకు (నీటిపై తేలే గుర్తుకు) ప్రవాహపు ఎగువన ఉండి, ప్రవాహమే పడవను దాని వైపు తీసుకెళ్లేలా ముందే దారి ఎంచుకోవాలన్న సంగతిని వ్యాసంలో చేర్చవలసిందిగా రచయితను కోరుతున్నాను.