ముందు కస్టమర్ ఐడీ సంగతి చూడండి

కస్టమర్లకు వెళ్లే వెల్‌కమ్ మెయిళ్లు, ఇన్‌వాయిస్‌లు, ఫ్రీ ట్రయల్ రిమైండర్లు, సర్వీసు మానేస్తానన్న వాళ్లకి రిప్లైలు, అన్నీ మొదటి రోజు నుంచే ఆటోమేట్ చేసేయమని ఈ వ్యాసకర్త అంటున్నారు. ఆ సలహాతో సగమే ఏకీభవిస్తాను. ఒకే కస్టమర్ సేల్స్ షీట్‌లో ఆఫీసు మెయిల్‌తో, బిల్లింగ్‌లో సొంత జీమెయిల్‌తో ఉంటే, జేపియర్, హబ్‌స్పాట్ లాంటి ఆటోమేషన్ టూల్ ఏది పెట్టినా ఆయనకు రెండు వెల్‌కమ్ మెయిళ్లు వెళ్తాయి. ప్రతి కస్టమర్‌కీ మారని ఒక ఐడీ ఇచ్చి, అన్ని టూల్స్‌లోనూ అదే వాడాలి.

వ్యాసంలో లేనిది ఇంకొకటి: పేమెంట్ కంపెనీ పంపే వెబ్‌హుక్ (డబ్బు కట్టారు లాంటి విషయాన్ని మన సిస్టమ్‌కి ఆటోమేటిక్‌గా చెప్పే మెసేజ్) ఒక్కోసారి రెండుసార్లు వస్తుంది. స్ట్రైప్ అనే పేమెంట్ కంపెనీ డాక్యుమెంటేషన్‌లోనే ఈ మాట ఉంది. ఆ మెసేజ్‌లో ఉండే ఈవెంట్ ఐడీని సేవ్ చేసుకుని, ముందే వచ్చిందైతే వదిలేయాలి. లేకపోతే ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు వెళ్తుంది, ఆ తర్వాత సపోర్ట్ వాళ్లకి టెన్షన్. ట్రయల్ రిమైండర్లు ఆటోమేట్ చేయడం సరే. సర్వీసు మానేస్తానన్న కస్టమర్‌కి కూడా ఆటో రిప్లై ఎందుకో నాకు అర్థం కాలేదు.