ప్రీ లాంచ్ పేరుతో బిల్డర్‌కి మీరిస్తున్న అప్పు

హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి నాలుగేళ్లయి, ఖాతాలో ఓ పది పదిహేను లక్షలు పోగయ్యాయంటే చాలు, ఎవరో ఒకరు కొల్లూరు వైపో శంకర్‌పల్లి వైపో తీసుకెళ్లి ఖాళీ స్థలం చూపిస్తారు. ఇక్కడ పెద్ద టవర్ వస్తుంది, బయట చదరపు అడుగు ఆరున్నర వేలు నడుస్తోంది, మనకి నాలుగు వేలకే ఇస్తున్నారు, కాకపోతే మొత్తం డబ్బు ఈ నెలలోనే కట్టాలి అంటారు. చెప్పేది చాలాసార్లు బయటి మనిషి కూడా కాదు, ఆఫీసులో సీనియరో వరసకి బావో అయ్యుంటాడు. పాతికేళ్ల వయసులో చాలామందికి రియల్ ఎస్టేట్‌తో తొలి పరిచయం ఇదే. అనుమతులు రాకముందే అమ్మే ఈ ప్రీ లాంచ్ బేరానికి మాత్రం వెళ్లొద్దనే నేను గట్టిగా చెప్తాను.

లెక్క చూడండి. 1,200 చదరపు అడుగుల ఫ్లాట్, 4,000 చొప్పున 48 లక్షలు. బయట ధర ప్రకారం 78 లక్షలు. 30 లక్షలు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ అనుమతి రాని బిల్డింగ్‌కి బ్యాంకు హోమ్ లోన్ ఇవ్వదు కాబట్టి ఆ 48 లక్షల్లో మన డబ్బు కొంత, పర్సనల్ లోన్ కొంత, నాన్న పీఎఫ్ కొంత, ఊళ్లో పొలం అమ్మింది కొంత ఉంటుంది. ఆ మొత్తానికి ఏడాదికి 11 శాతం చొప్పున వడ్డీ వేస్తే ఐదేళ్లకి దాదాపు 81 లక్షలు. అంటే అన్నీ సవ్యంగా జరిగి ఫ్లాట్ చేతికొచ్చినా, వచ్చిందనుకున్న డిస్కౌంట్ వడ్డీకే సరిపోయింది. ఈలోగా ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగొచ్చు. ఆ పెరుగుదల రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న ప్రాజెక్టులో కొన్నవాళ్లకీ వస్తుంది, పైగా వాళ్లు స్లాబులు పడేకొద్దీ విడతలుగా, బ్యాంకు లోన్‌తో కడతారు.

ఇంతకీ 48 లక్షలకి చేతికొచ్చే కాగితం ఏంటి? చాలా చోట్ల వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద ఓ ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం, కంపెనీ లెటర్‌హెడ్ మీద రసీదు. ఫ్లాట్ నంబర్ ఉంటుంది, ఏ అంతస్తో ఉంటుంది, ఈస్ట్ ఫేసింగ్ అని కూడా ఉంటుంది, కానీ ఆ నంబర్ ఉండాల్సిన ప్లాన్‌కి ఇంకా ఎవరూ ఆమోదం ఇవ్వలేదు. అనుమతులు వచ్చాక సేల్ అగ్రిమెంట్ చేస్తామని కింద ఒక వాక్యం ఉంటుంది, ఎప్పటిలోగా వస్తాయో ఉండదు. ఆ ఎంఓయూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గడప తొక్కలేదు కాబట్టి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తే మీ పేరు కనిపించదు. చాలాసార్లు బిల్డర్ పేరు కూడా కనిపించదు, ఎందుకంటే ఆయన భూమి యజమానికి బయానా మాత్రమే ఇచ్చి ఉంటాడు. బిల్డర్ చేతులెత్తేస్తే ఆ భూమి మీద మీకు ఏ హక్కూ లేదు, డబ్బు రావాల్సిన పదిమందిలో మీరూ ఒకరు. వడ్డీ లేకుండా, తాకట్టు లేకుండా అప్పిచ్చినట్టే.

మాది అలా కాదు, యూడీఎస్ (భూమిలో విడదీయని వాటా) రిజిస్ట్రేషన్ చేసిస్తాం అంటారు కొందరు. ఎంఓయూ కంటే ఇది ఓ మెట్టు మేలే, భూమిలో వాటా పేరు మీదకి వస్తుంది. కానీ ఆ ముప్పై నలభై గజాలకి హద్దులుండవు, కంచె వేసుకోలేరు, విడిగా కొనేవాడూ దొరకడం కష్టం. ప్రాజెక్టు ఆగిపోయి ఇంకో బిల్డర్‌ని తేవాలంటే వాటాదారులందరినీ ఒక మాట మీదికి తేవాలి. వందలమంది ఉన్నచోట అది ఎన్నేళ్ల పనో ఊహించుకోండి.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల స్థలం లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుని రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్ అయ్యాక కూడా సేల్ అగ్రిమెంట్ రిజిస్ట్రేషన్ జరగకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలి. ప్రీ లాంచ్‌లో ఈ మూడు రక్షణలూ ఒకేసారి వదులుకుంటున్నాం. అనుమతి ముందు, అమ్మకం తర్వాత అన్న వరస ఎందుకు ముఖ్యమో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్ల మాట ఎత్తాక హైదరాబాద్‌లో చాలామందికి అర్థమైంది. అనుమతి ఉన్నా చిక్కులు రావచ్చు, అసలు లేకపోతే మొదటి వడపోత కూడా జరగలేదన్నమాట.

ఇంతమంది ఎందుకు కడుతున్నారంటే, ఇప్పుడు కొనకపోతే జన్మలో కొనలేవన్న మాట బాగా పనిచేస్తుంది. అమరావతిలో 2015 అక్టోబరులో శంకుస్థాపన అయినప్పుడు కూడా ఇదే మాట. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన రాగానే తుళ్లూరు చుట్టుపక్కల కొన్నవాళ్లకి అడిగే దిక్కు లేకుండా పోయింది, మళ్లీ కదలిక రావడానికి 2024 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. సొంత డబ్బుతో కొన్నవాళ్లు ఆగగలిగారు, అప్పుచేసి కొన్నవాళ్లకి ఆ అవకాశం ఎక్కడిది?

అద్దెకుండటం డబ్బు దండగ అన్న మాట కూడా ఒకసారి లెక్కేసి చూడాలి. అదే 78 లక్షల ఫ్లాట్‌కి అద్దె ఏ పాతిక వేలో ఉంటుంది. బ్యాంకు 75 శాతం లోన్ ఇచ్చినా, 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకి ఈఎంఐ 50 వేలు దాటుతుంది, రిజిస్ట్రేషన్‌కి ఇంకో ఏడున్నర శాతం, కడుతున్న ఫ్లాటయితే జీఎస్టీ 5 శాతం. రేపు బెంగళూరో పుణెనో వెళ్లాల్సి రావచ్చు అనుకునే పాతికేళ్ల మనిషికి ఆ తేడా డబ్బు చేతిలో ఉండటమే బలం.

మరి ఆ పదిహేను లక్షలు ఏం చేయాలి? ఎక్కువ భాగం డౌన్ పేమెంట్ కోసం డిపాజిట్‌లోనే ఉంచండి. ఆస్తి మీద అద్దె ఎలా వస్తుందో తెలుసుకోవాలంటే కొంచెం రీట్లలో, అంటే చాలామంది డబ్బు పోగుచేసి ఆఫీసులు, మాల్స్ నడిపి అద్దె పంచే ట్రస్టుల్లో పెట్టి చూడండి. మన మాదాపూర్ మైండ్‌స్పేస్ ఉన్న రీట్ 2020లో, కూకట్‌పల్లి నెక్సస్ మాల్ ఉన్నది 2023లో మార్కెట్‌లో లిస్టయ్యాయి. ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు, పంచగలిగే నగదులో కనీసం 90 శాతం యూనిట్లున్న వాళ్లకి పంచాలన్నది నిబంధన. షేర్లలాగే ధర పడుతుంది, లేస్తుంది, అది మర్చిపోవద్దు. ఇంకో పని, ఖర్చు లేనిది: ఇంట్లో నాన్న బీరువాలో ఉన్న దస్తావేజు తీసి చదవండి. హద్దులు, సర్వే నంబరు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల దస్తావేజులు) చూసి, అదే ఆస్తికి ఆన్‌లైన్‌లో ఈసీ తీసి పోల్చండి, 1983 నుంచీ దొరుకుతుంది. అర్థం కానివన్నీ రాసుకుని ఓ లాయర్‌ని అడగండి.

ఇప్పటికే ప్రీ లాంచ్‌లో డబ్బు కట్టేసినవాళ్లు ఇంట్లో చెప్పుకోలేక టెన్షన్‌తో ఊరుకోకండి. రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాట్సాప్ మెసేజ్‌లు, బ్రోచర్ అన్నీ ఒకచోట పెట్టుకోండి, మీలాగే కట్టిన మిగతావాళ్లని వెతికి పట్టుకోండి, బిల్డర్‌కి రాతపూర్వకంగా గడువు పెట్టి డబ్బు వెనక్కి అడగండి. కుదరకపోతే లాయర్‌ని కలిసి రెరాలో ఫిర్యాదు పెట్టే సంగతి మాట్లాడండి, మోసం అనిపిస్తే పోలీసుల దగ్గరికి వెళ్లండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ కంపెనీ దగ్గర మిగిలేది తగ్గిపోతుంది.