పొట్ట తగ్గిస్తామని బోర్డు పెట్టకండి

తిరుపతిలో ఒక్క కాన్పు చుట్టూ ఎంత డబ్బు తిరుగుతుందో గమనించారా? సీమంతానికి హాలు, స్టేజీ డెకరేషన్, మేకప్, ఫొటోషూట్. బిడ్డ పుట్టాక బారసాల, ఉయ్యాల, వచ్చినవాళ్ళకు రిటర్న్ గిఫ్టులు. అప్పు చేసైనా అన్నీ జరిపిస్తారు. తొమ్మిది నెలలు మోసి కన్న ఆ ఒళ్ళు కోలుకోవడానికి మాత్రం ఏ ఇంటి లెక్కలోనూ ఒక్క రూపాయి ఉండదు. అందుకే గర్భిణులకు, బాలింతలకు వ్యాయామం నేర్పే పనికి మన ఊళ్ళో మంచి అవసరం ఉందనీ, దాన్ని వ్యాపారంగా నిలబెట్టవచ్చనీ గట్టిగా నమ్ముతాను. నేను చేస్తున్నదీ అదే. ఫిజియోథెరపీ చదివి, ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర చిన్న హాలు అద్దెకు తీసుకుని నడుపుతున్నాను.

ఈ మధ్య ఇలాంటివి ఇంకొన్ని మొదలవుతున్నాయి. సంతోషమే. కానీ వాటి ప్రకటనలు చూస్తే ఒళ్ళు మండుతోంది. "40 రోజుల్లో పొట్ట మాయం", "మళ్ళీ పెళ్ళినాటి నడుము". పక్కనే ఇద్దరి ఫొటోలు, ఒకరు లావుగా, ఒకరు సన్నగా. ఈ పనిలోకి దిగాలనుకునే చెల్లెళ్ళందరికీ నేను చెప్పేది ఒక్కటే. బాలింత పొట్ట మీద ఈ వ్యాపారం కట్టకండి. అది అబద్ధం, పైగా ప్రమాదం. వ్యాపారంగా చూసినా నిలిచేది కాదు.

అబద్ధం ఎందుకో చెబుతాను. నా దగ్గరకు వచ్చిన బాలింతను ముందుగా చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవమంటాను. తల కొద్దిగా ఎత్తమని బొడ్డు పైన వేళ్ళు ఆనించి చూస్తాను. పొట్టకు రెండు వైపులా నిలువుగా ఉండే కండరాల మధ్య నా వేళ్ళు లోపలికి దిగుతాయి. కొందరికి రెండు వేళ్ళు, కొందరికి మూడు. తల ఇంకొంచెం ఎత్తితే మధ్యలో పొలం గట్టులా ఉబికి వస్తుంది. దీన్ని డయాస్టాసిస్ అంటారు. బిడ్డకు చోటివ్వడానికి కండరాలు పక్కకు జరిగి, వాటిని కలిపే మధ్య పొర సాగిపోవడమే ఇది. నార్వేలో మొదటి కాన్పు తల్లులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పయిన 6 వారాలకు 60 శాతం మందిలో ఈ ఎడం కనిపించింది. 12 నెలలకు కూడా దాదాపు మూడో వంతు మందిలో ఉంది. 6 వారాలంటే ఎన్ని రోజులు? 42. అంటే ఆ బోర్డు మీద పొట్ట మాయమవుతుందని రాసిన నాటికి సగం కంటే ఎక్కువ మంది తల్లుల పొట్ట కండరాలు ఇంకా దగ్గరపడనే లేదు. అది వాళ్ళ బద్ధకం కాదు, లోపమూ కాదు. ఒళ్ళు తన తీరులో కోలుకుంటోంది. ఆ సమయంలో ఆమె చేత గబగబా సిట్‌అప్స్ చేయిస్తుంటే మధ్యలో ఆ ఉబ్బు కనిపిస్తోందంటే, ఆ వ్యాయామం ఇప్పుడు ఆమె శక్తికి మించిందని అర్థం. ట్రైనర్ చూడాల్సింది ఆ ఉబ్బును. టేపు పట్టి నడుము కొలిచేవాళ్ళకు అది కనిపించదు.

ఇంకో సంగతి. పొట్ట గురించి అడుగుతూ వచ్చినవాళ్ళలో చాలామంది, హాల్లో ఎవరూ లేని సమయం చూసి, అసలు బాధ నెమ్మదిగా చెబుతారు. "అక్కా, తుమ్మితే బట్టలు తడిసిపోతున్నాయి." "బిడ్డను ఎత్తుకుని లేస్తే ఆపుకోలేకపోతున్నా." ఇంట్లో చెబితే ఏమంటారో తెలుసా? కాన్పయిన వాళ్ళందరికీ ఉండేదే, సర్దుకుపోవాల అని. ఈ మాట వింటే నాకు కడుపు రగిలిపోతుంది. మూత్రాన్ని ఆపి పట్టే అడుగు కండరాలకు వ్యాయామం ఉందని ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు 1948లోనే రాశాడు. ఇన్నేళ్ళయినా మన ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళ కింద గుడ్డ మడత పెట్టుకుని పెళ్ళిళ్ళకు వెళుతున్నారు. చాలామందికి కొన్ని నెలలు సరిగ్గా చేస్తే బాగా తగ్గే సమస్య ఇది. సరిగ్గా అంటే బిగించడం ఒక్కటే కాదు, పూర్తిగా వదలడం కూడా రావాలి. అదెవరూ నేర్పరు. అందుకే నా బోర్డు మీద "దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందా? రండి" అని పెద్ద అక్షరాలతో రాయించాను. బిల్డింగులో ఉన్నవాళ్ళు మొహమాటంగా ఉందమ్మా, తీసేయమన్నారు. తీయలేదు. ఆ బోర్డు చూసి లోపలికి వచ్చిన వాళ్ళలో యాభై దాటిన అమ్మలు కూడా ఉన్నారు, కూతుళ్ళను తీసుకొచ్చినట్టు వచ్చి తమ సంగతి అడుగుతారు.

ఇక వ్యాపారం లెక్క. జిమ్ములు ఏడాది ఫీజు మీద నడుస్తాయి. ఈ పనిలో అది కుదరదు, ఎందుకంటే మన కస్టమర్ మన ఊళ్ళో ఉండేది కొన్ని నెలలే. సీమంతమయ్యాక పుట్టింటికి వస్తుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తగారింటికి వెళ్ళిపోతుంది. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసే అమ్మాయిలైతే, ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత వచ్చిన 26 వారాల సెలవులో కొంత కాన్పుకు ముందే వాడుకుని ఇక్కడికి వస్తారు. కాబట్టి ఫీజు నెలల లెక్కన కాదు, దశల లెక్కన పెట్టాలి. కడుపుతో ఉన్నప్పుడు ఒకటి, కాన్పయిన తొలి వారాలకు ఒకటి, ఆ తర్వాత బలం పెంచుకోవడానికి ఒకటి. ఊరు మారిన వాళ్ళకు చివరి దశ వీడియో కాల్‌లో. ఉదయం 6 గంటల బ్యాచ్ పెట్టకండి, రాత్రంతా బిడ్డతో మేలుకున్న తల్లి రాదు. పదకొండు గంటలకు పెట్టండి, బిడ్డకు నీళ్ళు పోసి సాంబ్రాణి పట్టి నిద్రపుచ్చే వేళకు కుదురుతుంది. ట్రెడ్‌మిల్లులు కొని అప్పుల్లో పడకండి. చాపలు, గట్టి కుర్చీలు, రబ్బరు బ్యాండ్లు, బీపీ మెషీన్, పాలివ్వడానికి పరదా కట్టిన మూల, శుభ్రమైన బాత్రూము, అమ్మమ్మ కూర్చోవడానికి సౌకర్యమైన చోటు. ఆ చివరిది చిన్న విషయం కాదు. ఫీజు కట్టేది, పంపాలా వద్దా అని తేల్చేది ఎక్కువగా ఆ అమ్మమ్మే.

ఆమె అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఏం పాపా, మా అమ్మాయికి పొట్ట ఎన్నాళ్ళకు తగ్గుతుంది?"

"అది చెప్పలేనమ్మా. బిడ్డను ఎత్తుకుని నడుము నొప్పి లేకుండా తిరిగేట్టు చేస్తాను."

"నడికట్టు కట్టినాము, పత్తెం పెడతా ఉండాము. ఇంకా ఇదంతా అవసరమా?"

"పత్తెం మీరు చూసుకోండమ్మా, నేను అడ్డు చెప్పను. మరీ బిగించి మాత్రం కట్టొద్దండి, ఊపిరి లోతుగా తీసుకోవాలి."

ఇక్కడే కొందరు లేచి వెళ్ళిపోతారు, పొట్ట తగ్గిస్తామన్న చోటికి. వెళ్ళనివ్వండి. ఉన్నవాళ్ళు తమ చెల్లెలిని, వదినను తీసుకొస్తారు. ఈ పనికి అంతకన్నా మంచి ప్రకటన నాకు తెలియదు.

పొట్ట కాకపోతే మరేం చూపించి పిలవాలంటారా? మన ఊరికి జవాబు మన కొండే. ఏడాది లోపు పసిబిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక ప్రవేశ దారి మీదుగా దర్శనానికి పంపుతారు కదా. అందుకని బిడ్డకు ఏడాది నిండేలోగా కొండకు వెళ్ళాలనీ, కాన్పు సుఖంగా అయితే నడిచి ఎక్కుతాననీ మొక్కుకున్న వాళ్ళు మన దగ్గర ఎంతమందో. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. నా దగ్గరకు వచ్చేవాళ్ళను మొదటే అడుగుతాను, మొక్కు ఉందా అని. ఉంటే ఆ రోజు నుంచే ప్లాను మొదలు. ముందు ఊపిరి, అడుగు కండరాలు, చదును నేల మీద నడక. తర్వాత ఒక్క మెట్టు ఎక్కి దిగడం, ఆ తర్వాత చేతిలో బరువు పట్టుకుని. గాలిగోపురం దాకా ఉండే నిటారు ఎక్కుడు, చివర్లో మోకాళ్ళ మెట్టు దగ్గర ఎలా అడుగు వేయాలో కుర్చీ పట్టుకుని నేర్పిస్తాను. బిడ్డను నాన్న ఎత్తుకోవాలి, దిగేది బస్సులో, ఇది నా షరతు. అలా ఎక్కొచ్చిన అమ్మాయి పొట్ట ఎంత ఉందని నన్ను అడగదు.

ప్రమాదం సంగతి ఇంకా చెప్పలేదు. మన దేశంలో ఫిట్‌నెస్ ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. మామూలు జిమ్ము సంగతి ఎలా ఉన్నా, గర్భిణి విషయంలో ఇది నాకు భయం పుట్టిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63 శాతం. అంటే మీ హాల్లోకి అడుగుపెట్టే వాళ్ళలో ఎక్కువ మంది రక్తం తక్కువ ఉన్నవాళ్ళో, కడుపు కోసి కుట్టినవాళ్ళో అయ్యుంటారు. హిమోగ్లోబిన్ రిపోర్టు అడగకుండా ఏ ధైర్యంతో ఎగరమంటారు? 7 కంటే తక్కువ ఉన్న గర్భిణికి కావాల్సింది వ్యాయామం కాదు, వెంటనే వైద్యం. మాయ (ప్లాసెంటా) గర్భసంచిలో కిందికి ఉన్నవాళ్ళు, గర్భసంచి ముఖానికి కుట్టు వేయించుకున్నవాళ్ళు, బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్ళు ఫీజు ఇస్తామన్నా తీసుకోకండి. క్లాసు మధ్యలో రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పిక్క వాచి నొప్పి పుట్టినా అక్కడితో ఆపి ఆసుపత్రికి పంపాలి. ఏ ఇబ్బందీ లేని గర్భిణి మాత్రం కదలాలి. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మాట్లాడుతూ చేయగలిగితే అది సరైన వేగం, మాట తెగిపోతుంటే ఎక్కువైనట్టు.

ఎనిమిది మందికి మించి బ్యాచ్ పెట్టను. అంతకు మించితే ఒక్కొక్కరి ఊపిరి, మొహం గమనించలేను. దాంతో ఆదాయం తగ్గుతుంది, నిజమే. అద్దె కట్టి, ఒక సహాయకురాలికి జీతమిచ్చి మిగిలేది తొందరగా కోటీశ్వరులయ్యేంత కాదు. సర్కారు ప్రసూతి ఆసుపత్రిలో కాన్పయిన వాళ్ళకు వారానికి ఒక రోజు ఫీజు లేకుండా నేర్పుతాను, ఎందుకంటే గచ్చు తుడిచే, బిందెలు మోసే పనికి అందరికన్నా ముందు తిరిగి వెళ్ళేది వాళ్ళే.

ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు నన్ను పిలిచి, మేం పంపే ఒక్కో పేషెంటుకు ఇంత ఇవ్వాలని అడిగారు. ఒప్పుకోలేదు. ఆ సొమ్ము చివరికి ఆ బాలింత ఫీజులోనే కలుస్తుంది, కలపకపోతే నేను ఎనిమిది మంది చోట పాతిక మందిని కూర్చోబెట్టాలి. కమీషన్ ఇచ్చి తెచ్చుకున్న పేషెంటును, వ్యాయామం వద్దు, తిరిగి డాక్టరు దగ్గరకు వెళ్ళమ్మా అని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది?

మన ఊళ్ళో గైనకాలజిస్టులు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ నుంచి నాకు కావాల్సింది నాలుగు లైన్ల చీటీ. కాన్పు ఎలా అయింది, కుట్లు మానాయా, హిమోగ్లోబిన్ ఎంత, ఏం చేయించకూడదు. మూడు వారాలకోసారి ఆమె ఎలా ఉందో నేను అదే చీటీ వెనక రాసి పంపుతాను.