బరువైన తూటా గారికి ఒక విన్నపం

శ్రీయుత 180 గ్రెయిన్ల (తూటాల బరువు తూచే చిన్న కొలత) తూటా గారి సముఖానికి,

చెన్నై, టీ.నగర్ నుంచి తుపాకి ముట్టి ఎరగని ఒక గుమాస్తా నమస్కరించి వ్రాయునది.

టెక్సాస్‌లో ఉండే మా బావమరిది సెలవులకి వస్తే చాలు, తమరి కీర్తనే. వాడక్కడ షెడ్డులో కూర్చుని, పేల్చేసిన ఇత్తడి కేసుల్లో, అంటే ఖాళీ తొడుగుల్లో, మళ్ళీ తుపాకిమందు నింపి, మూతిలో తమరిలాంటి తూటాని బిగించుకుంటాడు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే 1959 ఆయుధాల చట్టం ఊరుకోదు కనుక మాకు కబుర్లే గతి.

లోకంలో ఎంత బరువైనవాడికి అంత ఎక్కువ ముడుతుంది. తమరు మాత్రం 150 గ్రెయిన్ల తమ్ముడి కన్నా బరువై ఉండి, తక్కువ మందు చాలంటారు! ఎంత నిరాడంబరత అని మురిసిపోయేలోపే మావాడు అసలు సంగతి విప్పాడు: "త్యాగమా పాడా! తమ్ముడికి పోసినంతా ఈయనకీ పోస్తే తుపాకే పేలిపోవచ్చు బావా."

తమరి ఘనత తెలియాలంటే మా సిటీ బస్సు ఎక్కాలి. ఫుట్‌బోర్డు దగ్గర ఒక భారీకాయం నిలబడుతుంది. కండక్టరు "ఉళ్ళే పో" (లోపలికి పో) అని గొంతు చించుకున్నా అంగుళం జరగదు. వెనక ఎక్కినవాళ్ళు నలిగి చస్తారు. తమరూ అంతే. వెనక మందు మండి గ్యాసు తోసుకొస్తుంటే, తమరు తాపీగా బయల్దేరతారు. గ్యాసుకి చోటు దొరక్క ప్రెషర్ పెరుగుతుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ ఆ పొగలేని మందు ఇంకా జోరుగా మండుతుంది, దాంతో ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. చాలదన్నట్టు, గొట్టం కొలత మారదు కాబట్టి తమరి బరువంతా పొడుగులోకే పోతుంది. ఆ పొడుగుతో కేసులోకి దిగబడి మందు చోటు కూడా కబ్జా చేస్తారు.

ఇంతా చేసి వేగమెంత? .308 అనే రకం రైఫిల్లో తమ్ముడు సెకనుకి సుమారు 2,800 అడుగులు, తమరు 2,600. అయితే దూరం వెళ్ళేకొద్దీ వేగం నిలుపుకోవడంలో తమరిదే పైచేయి, అది ఒప్పుకుంటాను. ఇద్దరి బరువుకీ తేడా మాత్రం రెండు గ్రాములు కూడా లేదు.

రాగితో చేసిన తమరి బంధువులు మరీ ఘోరం. సీసం కన్నా రాగి తేలిక, అందుకే అదే 180కి ఇంకా పొడుగు. అంటే బరువు చూసి కూడా నమ్మడానికి లేదు, ఆ తూటాకే ఎంత మందు పోయాలో రాసిన మాన్యువల్ తీసి, అందులో అన్నిటికన్నా తక్కువ లెక్క నుంచి మొదలుపెట్టాలి.

కావున పెట్టె మీద బరువు అచ్చేసినంత లావు అక్షరాలతో పొడుగు కూడా అచ్చేయించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి విధేయుడు