సీడీఐ మీద నేరం మోపే ముందు మీటర్ బయటికి తీయండి

బండి స్టార్ట్ కాలేదని ఎవరైనా అనడమే ఆలస్యం, "సీడీఐ పోయుంటుంది, మార్చెయ్" అనే సలహా వచ్చి పడుతుంది. సీడీఐ అంటే ప్లగ్‌కి కరెంటు సరైన సమయానికి వదిలే ఎలక్ట్రానిక్ డబ్బా. సలహా ఇచ్చేవాళ్లదేం పోయింది, డబ్బులు మనవి. సీడీఐ మార్చినా బండి లేవకపోతే ప్లగ్‌కి హై వోల్టేజి ఇచ్చే కాయిల్ అంటారు, ఆ తర్వాత ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే మాగ్నెట్ అంటారు. తీరా చూస్తే ఇంజన్ ఆపే కిల్ స్విచ్ లోపల తుప్పు. మల్టీమీటర్‌తో కొలవకుండా ఏ పార్టూ మార్చకూడదు, సీడీఐని అయితే అన్నిటికన్నా చివర్లోనే అనుమానించాలి. ఈ మాట మీద నేను గట్టిగానే ఉంటాను.

ముందు గొడవ కరెంటుదా, పెట్రోలుదా తేల్చుకోండి. బాగా కిక్ కొట్టి ప్లగ్ విప్పితే తడిగా ఉందా? పెట్రోలు వస్తోంది, కాబట్టి ప్లగ్ దగ్గర కరెంటు చూడాల్సిందే. పొడిగా ఉంటే ముందు పెట్రోలు దారి చూసుకోండి.

కరెంటు చూడటంలోనూ చాలామంది తొందరపడతారు. విప్పిన ప్లగ్‌ని దాని రంధ్రం పక్కనే పెట్టి కిక్ కొడితే, బయటికొచ్చే పెట్రోలు ఆవిరి అంటుకోవచ్చు. ఉన్న ప్లగ్‌ని మళ్లీ బిగించేసి, ప్లగ్ మీద తొడిగే క్యాప్‌లో ఇంకో మంచి ప్లగ్ పెట్టి చూడటం మేలు. దాని మర సిలిండర్ హెడ్‌కి ఆనాలి, అదీ రంగు లేని చోట. చేత్తో పట్టుకోవద్దు, క్లిప్ వైరుతో ఎర్త్ చేయండి. క్యాప్‌ని ఊరికే గాల్లో వదిలేసి మాత్రం కిక్ కొట్టొద్దు. పోయే దారి లేని హై వోల్టేజి కాయిల్ ఇన్సులేషన్‌ని చీల్చేస్తుంది, కొన్నిసార్లు సీడీఐని కూడా తీసుకుపోతుంది. నీలంగా, టప్‌టప్‌మని కొడితే మంచిదే. పసుపుగా, సన్నగా ఉంటే బలం లేనట్టు. నీలం కనబడగానే సంబరపడిపోకండి. సిలిండర్‌లో కంప్రెషన్ కింద అదే గ్యాప్ దాటడానికి చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకే 6 మి.మీ. గ్యాప్ ఉండే స్పార్క్ టెస్టర్ ఇచ్చే సాక్ష్యమే గట్టిది. ప్లగ్ గ్యాప్ మాత్రం చాలా బండ్లకి 0.7 నుంచి 0.9 మి.మీ. మధ్యే.

అసలు కరెంటే లేదా? ప్లగ్ నుంచి వెనక్కి వెళ్లండి. చాలా క్యాప్‌లు మరతో ఉంటాయి, ఎడమవైపు తిప్పితే ఊడొస్తాయి. మామూలుగా 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపించాలి. మీటర్ కదలకపోతే క్యాప్ పోయింది. వైరు కొస నల్లబడితే 5 మి.మీ. కోసి మళ్లీ మర ఎక్కించండి.

తర్వాత కిల్ స్విచ్. జనం ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే, ఎందుకంటే ఇది రెండు రకాల బండ్లలో సరిగ్గా ఉల్టాగా పనిచేస్తుంది. బ్యాటరీ లేకపోయినా కిక్‌కి లేచే ఏసీ సీడీఐ బండిలో, కిల్ వైరు ఎర్త్‌కి తగిలితే ఇంజన్ ఆగుతుంది. అంటే ఆ వైరు ఎక్కడ ఒరుసుకుపోయి ఫ్రేముకి తగిలినా కరెంటు ఉండదు. సీడీఐ దగ్గర ఆ ఒక్క వైరు విడదీసి చూడండి. కరెంటు వచ్చిందంటే తప్పు స్విచ్‌దో, తాళానిదో, వైరింగ్‌దో. కానీ అలా విప్పాక తాళం తీసినా ఇంజన్ ఆగదు, గేరులో వేసి బ్రేకు పట్టి ఆపాలి. బ్యాటరీ కరెంటుతో నడిచే డీసీ సీడీఐ, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో స్విచ్ పని 12 వోల్టులు పంపడం. తాళం ఆన్‌లో పెట్టి సప్లై వైరు దగ్గర కొలవండి. బ్యాటరీ దగ్గరున్నంతే ఇక్కడా రావాలి. ఒక వోల్టు తగ్గినా దారిలో వైర్లు కలిపే ఏదో కప్లరో స్విచ్చో తింటోంది. సైడ్ స్టాండ్ స్విచ్, క్లచ్ స్విచ్ కూడా ఉంటే వాటినీ చూడాలి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ 10 వోల్టుల కిందికి జారిపోతుంటే, ముందు ఛార్జింగ్ సంగతి చూడండి.

కాయిల్ కొలిచేటప్పుడు మీటర్ రెండు పిన్నులు ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకె తీసేయాలి. లేకపోతే కాయిల్‌లో సీడీఐ వైపున్న చుట్ట, అంటే ప్రైమరీ, కొలతకి అర్థమే ఉండదు, అది చాలా బండ్లలో ఒక ఓమ్ లోపే. ప్లగ్ వైపున్న చుట్ట సెకండరీ, క్యాప్ తీసి కొలిస్తే, కిలో ఓమ్‌లలో ఉంటుంది. కరెంటు ఎప్పుడు వదలాలో సీడీఐకి సిగ్నల్ ఇచ్చే పికప్ కాయిల్ ఎక్కువ బండ్లలో 100 నుంచి 300 ఓమ్‌లు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఉన్న అంకే చివరి మాట.

చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగిపోయే బండికి ఇవన్నీ ఇంట్లో చల్లగా కొలిస్తే అన్నీ సరిగ్గానే చూపిస్తాయి. వేడికి కాయిల్ లోపలి తీగ విడిపోతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. బండి ఆగిన వెంటనే కొలవండి, లేదా హెయిర్ డ్రయర్‌తో కాయిల్‌ని వేడిచేసి కొలవండి.

ఇక సీడీఐ. లోపల ఉన్నది ఎలక్ట్రానిక్స్, మామూలు మీటరుతో దాని మంచిచెడ్డ తేలదు. దానికి వచ్చే సప్లై, పికప్ సిగ్నల్, ఎర్త్ మూడూ సరిగ్గా ఉండి, కిల్ వైరు అడ్డు లేక, కాయిల్ కూడా బాగుండి, అయినా కరెంటు రాకపోతేనే అనుమానం దాని మీదికి వెళ్లాలి. ఎర్త్ అంటే దాని ఎర్త్ వైరు నుంచి ఇంజన్‌కి దాదాపు సున్నా ఓమ్. అప్పుడు కూడా కొనేముందు అదే మోడల్ బండి సీడీఐ అడిగి తెచ్చి పెట్టి చూడండి. పార్ట్ నంబర్ కలవాలి. కప్లర్ పట్టింది కదా అని ఏసీ దాన్ని డీసీ బండికి పెడితే, బాగున్నది కూడా పోవచ్చు.