మాజీ ర్యాంకు 612 గారికి

612 గారూ,

నమస్కారం. నన్ను మర్చిపోయి ఉంటారు. 2018లో ఒక సోమవారం నుంచి తర్వాతి సోమవారం దాకా, సరిగ్గా ఏడు రోజులు, మీరు నా పేరు పక్కన కూర్చున్నారు. మహిళల టెన్నిస్ సింగిల్స్‌లో ప్రపంచంలో 612. మిమ్మల్ని పట్టుకోడానికి నాకు పదమూడేళ్లు పట్టింది.

మీరొచ్చిన రోజు మా అమ్మ మా విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర పైడితల్లమ్మకి కొబ్బరికాయ కొట్టింది. తిరిగొస్తుంటే వీధి చివరి పెద్దమ్మ ఆపింది.

"ఏటే, గుంటకి ర్యాంకొచ్చిందట? ఎంసెట్టేనా?"

"కాదొదినా, టెన్నిస్‌ది."

"ఎంతేటి?"

"ఆరొందల పన్నెండు."

"ఆరొందలే! ఆంధ్రా యూనివర్సిటీలో కంప్యూటర్ సీటు వచ్చీస్తాది కదే!"

అమ్మ అవుననలేదు, కాదనలేదు. ఆ సాయంత్రం దాకా మా వీధిలో నేను కంప్యూటర్ ఇంజినీర్ని.

పెద్దమ్మ తప్పేమీ లేదు. మా దగ్గర ర్యాంకంటే ఒకటే. ఫలితాలొచ్చిన రోజు టీవీలో ఒక గొంతు ఆయాసపడుతూ "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు" అని చదువుతుంది చూడండి, ఆ గొంతు ఏ రోజూ మీదాకా రాలేదు. అదే ఎంసెట్‌లో అయ్యుంటే, పెద్ద జంక్షన్లో కాకపోయినా మా సందు మొదట్లో నా ఫోటోతో ఒక ఫ్లెక్సీ పడేది. ప్రపంచం మొత్తంలో 612 అని విడమర్చి చెప్పానా, జనం మొహంలో జాలి. "పర్లేదమ్మా, ఇంకోసారి రాయొచ్చు" అన్నాడు ఒకాయన.

పక్క జిల్లా ఆమదాలవలస ఆడపిల్ల కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తింది. బరువు ఎవరికైనా అర్థమవుతుంది. మిమ్మల్ని ఎలా ఎత్తి చూపించను? మా ఊరి రాజకుమారుడు విజ్జీ అయితే 1936లో ఏ పాయింట్ల గొడవా లేకుండా ఇండియా క్రికెట్ టీముకి కెప్టెనై ఇంగ్లండ్ వెళ్లొచ్చాడు. మాకున్నది కిరాణా కొట్టు.

తర్వాత ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సానియాతో ఆడేవా?" 2007లో ఆవిడ ర్యాంకు 27. మీకూ ఆవిడకీ మధ్య 584 మంది ఉన్నారండీ, దారిలో ఎదురుపడే అవకాశం లేదు. ఆటోగ్రాఫ్ మాత్రం ఉంది.

ఇక మీ పోషణ. పదిహేను వేల డాలర్ల టోర్నీ అనగానే ఆ సొమ్మంతా నాదేననుకుని ఒక మావయ్య అప్పడిగాడు. అది ఆడేవాళ్లందరికీ కలిపి. కప్పు గెలిచినామెకి రెండు వేల పైచిలుకు. మొదటి రౌండులో పోతే రెండు వందలు కూడా రావు, అందులోనూ పన్ను కోత. మొదటి రౌండు గెలిస్తే ఒక్క పాయింటు, ర్యాంకు లెక్కంతా ఆ పాయింట్లతోనే. ఆ ఒక్క పాయింటు కోసం షోలాపూర్‌కి స్లీపర్ క్లాసు, టర్కీలో అంటాల్యాకి విమానం, ట్యునీషియాలో మొనాస్టిర్‌కి ఇంకో విమానం. అక్కడ సముద్రం ఒడ్డు రిసార్టుల్లో వారం వారం ఇవే టోర్నీలు. ఫోటోలు చూసి మా వాళ్లు "భలే ఎంజాయ్ చేస్తోంది" అనుకునేవారు. మధ్యాహ్నం భోజనానికని పొద్దున్న బఫేలోంచి కిట్‌బ్యాగులో దాచిన రెండు అరటిపళ్లూ ఉడికించిన గుడ్డూ ఫోటోలో పడవు కదా. స్ట్రింగు తెగితే మళ్లీ కట్టించడానికి డబ్బులెక్కడివని, ఒక మ్యాచ్ మొత్తం మెల్లగా కొట్టాను. ఓడిపోయాను. స్ట్రింగు మాత్రం తెగలేదు.

అంత కష్టపడి తెచ్చిన పాయింటుకి ఆయుష్షు 52 వారాలు, మొబైల్ రీచార్జిలాగ. గడువు తీరే వారం మళ్లీ అంతా సంపాదించకపోతే మీరు లేచి వెళ్లిపోతారు. మా నాన్న కొట్టులో అరువు పద్దుకి కూడా ఇంత కర్కశమైన గడువు లేదు.

మీరు వెళ్లిన కొన్నాళ్లకి, 2019 మొదట్లో, టెన్నిస్ పెద్దలు కూర్చుని పదిహేను వేల డాలర్ల టోర్నీలకి అసలు డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ ర్యాంకులిచ్చే సంఘం) పాయింట్లే ఇవ్వకూడదన్నారు. ఆటగాళ్లు గగ్గోలు పెడితే ఆగస్టులో మళ్లీ ఇచ్చారు. అప్పటికి నా భుజం పోయింది. సర్వీసు కొడితే ఆ రాత్రి జడ వేసుకోడానికి చెయ్యి లేచేది కాదు. విలేకరుల్ని పిలిచి కన్నీళ్లు పెట్టుకునే రిటైర్మెంట్ మీ పైవాళ్లకే. నేను వంటింట్లో చెప్పాను. "అయితే రేపు పొద్దున్నే లేవక్కర్లేదా?" అంది అమ్మ. ఇన్నేళ్లూ నాకంటే ముందు లేచింది ఆవిడే మరి.

ఇప్పుడు పొద్దున్నపూట సిమెంటు కోర్టులో పిల్లలకి నేర్పుతున్నాను. "ర్యాంకొస్తాదా అమ్మా?" అని తండ్రులు అడుగుతారు. "ఏ ర్యాంకండీ?" అంటే వింతగా చూస్తారు. పిల్లలు తొమ్మిదో తరగతి దాకా వస్తారు. పదిలో రాకెట్టు అటకెక్కుతుంది, పిల్ల హాస్టలెక్కుతుంది.

దాచడమెందుకు, ఇప్పటికీ సోమవారం సాయంత్రం బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాక, ఫోన్‌లో మీరెక్కడున్నారో చూస్తాను. ఈ వారం ఒక అమ్మాయి దగ్గర ఉన్నారు. పేరు పలకడం రాలేదు. వాళ్ల ఊరు మ్యాప్‌లో వెతికాను. చిన్న ఊరే, రైలు పట్టాలు కూడా కనబడలేదు. ఆ అమ్మాయి దగ్గర కనీసం రెండు వారాలు ఉండండి.

ఇట్లు,
ఏ ర్యాంకూ లేని,
విజయనగరం అమ్మాయి